వలస పాలన కాలం నాటి నవలల్లో తెల్లవాళ్లకీ స్థానికులకీ స్నేహం ఎందుకు నిలవదు?

మనుషులు చెడ్డవాళ్లై కాదు, ఒకరి చేతిలో అధికారం ఉండటం వల్ల. ఆంగ్ల రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924లో ప్రచురించిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’లో ఒక చిన్న సంఘటన చూడండి. తెల్లవాడైన ఫీల్డింగ్ కాలర్ బొత్తాం విరిగిపోతుంది. భారతీయుడైన డాక్టర్ అజీజ్ తన కాలర్‌కున్నదే చాటుగా తీసి, జేబులో ఇంకోటి ఉందని అబద్ధమాడి మరీ ఇస్తాడు. ఆ తర్వాత బ్రిటిష్ మేజిస్ట్రేట్ రోనీ, అజీజ్‌కి ఆ బొత్తాం లేకపోవడం గమనించి, భారతీయుల అశ్రద్ధకి ఇదే రుజువని తేల్చేస్తాడు! ఆ నవలలోని కోర్టు విచారణ కన్నా నన్ను ఇదే ఎక్కువ బాధపెట్టింది. ఏం జరిగిందో కనుక్కోవాల్సిన అవసరం రోనీకి లేదు. అజీజ్‌కి చెప్పుకునే అవకాశమూ లేదు. నైజీరియా రచయిత అచెబె 1958 నాటి ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లోనూ అంతే: కథానాయకుడు ఒకోంక్వో విషాదమంతా తెల్ల జిల్లా కమిషనర్ రాయబోయే పుస్తకంలో ఒక పేరాకి సరిపోతుంది.