భువనగిరిలో క్లినిక్ పెట్టబోతున్న మేనకోడలికి

బిడ్డా,

నువ్వు భువనగిరిలో ఫిజియోథెరపీ క్లినిక్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "వదినా, నువ్వన్నా కాస్త చెప్పు దానికి" అని కూడా అంది. వద్దని చెప్పమందో, ధైర్యం చెప్పమందో అర్థం కాలేదు. నాకు రెండూ చెప్పాలనిపించింది, అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరే అత్తా, సరే అత్తా" అని నన్ను సగంలోనే ఆపేస్తావు.

ముందు సంతోషం. హైదరాబాద్‌లో సందుకో ఫిజియో సెంటర్ ఉంది, ఇంకోటి తెరిస్తే ఎవరికీ పట్టదు. భువనగిరి సంగతి వేరు. అక్కడ నర్సుగా ఉన్నన్నాళ్లూ పక్షవాతం పేషెంట్లను ఇంటికి పంపేటప్పుడు "రోజూ వ్యాయామం చేయించండి" అని చీటీ మీద రాసిచ్చేవాళ్లం. ఎవరు చేయిస్తారు? ఓపికున్నవాళ్లు వారం పది రోజులు హైదరాబాద్ తీసుకెళ్లేవాళ్లు. బస్సు ఖర్చు, ఆటో ఖర్చు, తోడు వెళ్లిన కొడుకు కూలి పోవడం, అన్నీ లెక్కేసుకుని మానేసేవాళ్లు. ఏడాది తర్వాత బీపీ మందులకొచ్చినప్పుడు చూస్తే ఆ చెయ్యి ముడుచుకుపోయి ఉండేది. మా ఇంటి పిల్ల ఆ ఊళ్లో ఈ పని చేస్తుందంటే నాకు గర్వంగా ఉండదా?

బీబీనగర్‌లో ఎయిమ్స్ పెట్టుకుని నీ దగ్గరికి ఎవరొస్తారని మీ అమ్మ టెన్షన్. ఆ భయం అక్కర్లేదు. అక్కడ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇంటికొచ్చాకే నీ పని మొదలవుతుంది. వాళ్లతో పోటీ పడకు. డిశ్చార్జ్ కాగితం జాగ్రత్తగా చదివి, డాక్టరు ఏం చేయొద్దన్నాడో ముందు అది చూడు.

కాలేజీలో నీకు క్రికెట్ ఆడేవాళ్ల భుజాల గురించి చెప్పి ఉంటారు. అక్కడ నీ దగ్గరికొచ్చే భుజాలు వేరు. పోచంపల్లి చుట్టుపక్కల ఆడవాళ్లు ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి, భుజాలు పోగొట్టుకున్నారు. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ చేతినొప్పి చూడలేకే ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. యంత్రం వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది గానీ, పాత తరం భుజాలు అలాగే ఉన్నాయి. మగవాళ్లకు గుంట మగ్గంలో కూర్చుని నడుము, మోకాళ్లు. గీత కార్మికులు తాటిచెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగి వస్తారు. వాళ్లను చూసి నువ్వు ఏడవకు, ముందే చెప్తున్నా. ఇక పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు తగులుతారు. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో ఆ ఫ్లోరైడ్ బాధ ఉన్న చౌటుప్పల్‌లో ఊరికే పెట్టలేదు. ముదిరిన ఫ్లోరైడ్ ఎముకను నువ్వు వెనక్కి తీసుకురాలేవు. "తగ్గిస్తా" అని నోరు జారకు. కొంచెం తేలిగ్గా లేచి కూర్చునేలా చేస్తానను, చాలు.

నాట్ల కాలంలో క్లినిక్ ఖాళీగా ఉంటుంది, బెంగపడకు. నడుము నొప్పి లేక కాదు, తీరిక లేక రారు. నాట్లు అయిపోయిన వారానికి కుర్చీలు చాలవు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి వలిగొండ, మోత్కూరు వైపు నుంచి కూడా వస్తారు. మా కాలంలో మొగుణ్ణి బస్సు పైసలు అడగలేకే సగం మంది నొప్పి దాచుకునేవాళ్లు.

క్లినిక్ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే తీసుకో. కరెంటు పోతే మిషన్లు ఆగుతాయి, ఇన్వర్టర్ పెట్టుకో. మున్సిపాలిటీ లైసెన్సు, జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్ బోర్డు పెట్టకముందే చేయించు. కిరాయి కాగితం రాయించుకో. ఆర్ఎంపీలు వస్తారు, "మేం పేషెంట్లను పంపుతాం, మా సంగతి చూడండి" అంటారు. టీ ఇవ్వు, మర్యాద ఇవ్వు, కమీషన్ ఇవ్వకు. ఒకసారి ఇచ్చావా, రెండు వారాల్లో పోయే నొప్పిని రెండు నెలలు సాగదీయాల్సి వస్తుంది. ఉద్దెర మాత్రం కొంచెం ఇవ్వక తప్పదు. ఒడ్లు అమ్మాక ఇస్తారు. ఇవ్వనివాళ్లుంటే నాకు చెప్పు, వాళ్ల అమ్మలు నాకు తెలుసు.

ఇవన్నీ నువ్వు ఎలాగూ చూసుకునేవే. ఈ ఉత్తరం వాటికోసం కాదు. మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "ఇల్లు నాగోల్‌లోనే, రోజూ స్కూటీ మీదో రైల్లోనో అప్ అండ్ డౌన్ చేస్తానంటోంది" అని. అది విన్నాకే నాకు నిద్ర పట్టలేదు.

మీ నాన్న ఉద్యోగమంతా అప్ అండ్ డౌనే అని నీకు తెలుసు. అది ఎలా గడిచిందో నీకు తెలియదు, చిన్నదానివి. తమ్ముడికి భువనగిరిలో ఉద్యోగం వచ్చినప్పుడు నేను అప్పటికే అక్కడ ఉన్నాను. మా ఇంటి పక్క వాటా ఖాళీగా ఉంది, తీసుకోరా అన్నాను. "నాలుగు రోజులు చూద్దామక్కా, ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటా" అన్నాడు. లాలాగూడ నుంచి సికింద్రాబాద్ స్టేషన్, అక్కణ్ణుంచి రైలు, సీజన్ టికెట్. ఆ నాలుగు రోజులు రిటైర్మెంట్ దాకా సాగాయి.

రైల్లో వాళ్లకో గుంపు ఉండేది. టీచర్లు, బ్యాంకువాళ్లు, కోర్టు గుమస్తాలు. ఎక్కగానే ఒళ్లో తువ్వాలు పరిచి పేక ముక్కలు తీసేవాళ్లు. ఘట్‌కేసర్ దాటేసరికి ఆట రంజుగా ఉండేదట. అందులో వాడికి సంతోషం లేకపోలేదు. కానీ ఆఫీసులో వాడి కళ్లెప్పుడూ గోడ గడియారం మీదే. మధ్యాహ్నం మూడు దాటాక పల్లెటూరి నుంచి ఎవరైనా కాగితం పట్టుకొస్తే "రేపు రండి" అనేవాడు. లంచం తీసుకోలేదు, ఎవరినీ కసురుకోలేదు, అందుకే ఎవరూ తిట్టుకోలేదు కూడా. వాడికి పెట్టుకున్న పేరు రైలు సారు. పెళ్లిపత్రికలు వచ్చేవి, ఒక్క పెళ్లికీ వెళ్లలేదు, రాత్రి పెళ్లయితే రైలుండదు. కొలీగు తండ్రి పోతే మర్నాడు ఆఫీసులోనే పరామర్శించాడు. స్టేషన్‌కి వెళ్లే దారి మా ఇంటి ముందునుంచే. సాయంత్రం టీ పెట్టి గుమ్మంలో నిలబడితే నడుస్తూనే చెయ్యి ఊపి పోయేవాడు. నాకు కోపం వచ్చేది. పెట్టడం మానలేదు, అది వేరే సంగతి.

పోనీ లాలాగూడలో అన్నా ఉన్నాడా? నల్లా రాకముందే వెళ్లేవాడు, మీరు నిద్రపోయాక వచ్చేవాడు. నీకు స్కూల్లో ప్రైజు ఇచ్చిన రోజు రైలు అవుటర్‌లో ఆగిపోయింది. నువ్వు రెండు రోజులు మాట్లాడలేదని మీ అమ్మ చెప్పి నవ్వింది, వాడు నవ్వలేదు. ఆదివారం ఒక్కటే సెలవు, అది నిద్రకే పోయేది. కాలనీ బోనాలకు చందా రాసే మనిషే తప్ప, ఏ ఇంట్లో ఎవరుంటారో వాడికి తెలియదు.

రిటైరైన రోజు ఆఫీసులో శాలువా కప్పారు. నేనూ వెళ్లాను. ఆఫీసరు ఇంకా మాట్లాడుతుండగానే వాడు గడియారం చూశాడు! ఇక ఏ రైలైనా ఎక్కొచ్చు కదరా అని నా మనసు ఉసూరుమంది. అది కాదు నన్ను బాధపెట్టింది. రెండేళ్ల తర్వాత పెన్షన్ కాగితంలో ఏదో తేడా వచ్చింది. ఆ ఊళ్లో, ఆ ఆఫీసులో అన్నేళ్లు పనిచేసిన మనిషి నాకు ఫోన్ చేసి అడిగాడు: "అక్కా, భువనగిరిలో నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఇది రాయొచ్చా అని వాణ్ణే అడిగాను. ముందు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రాయి. పేకాటలో నేనే గెలిచేవాణ్ణని కూడా రాయి" అన్నాడు. రాశాను.

వాడు ఎందుకలా చేశాడో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నిన్నూ మీ అన్ననూ సిటీ స్కూల్లో చదివించాలని. భువనగిరికి మకాం మారిస్తే మీ చదువులు దెబ్బతింటాయని. నీ డిగ్రీ ఆ సీజన్ టికెట్ల మీద వచ్చిందే. కాబట్టి వాణ్ణి ఏమీ అనకు. కానీ నీకు ఆ కారణం లేదు కదా బిడ్డా. స్కూలుకెళ్లే పిల్లల్లేరు. మరి ఎందుకు?

పని పరంగా చూసినా కుదరదు. కూలి పనికెళ్లినవాళ్లు, మగ్గం దిగినవాళ్లు సాయంత్రం ఆరింటికి వస్తారు, లేదా పొద్దున్నే పనికి పోకముందు వస్తారు. పగలంతా క్లినిక్‌లో నువ్వూ ఫ్యానూ ఉంటారు. సరిగ్గా జనం వచ్చే వేళకు నువ్వు షట్టర్ దించి రైలుకు పరిగెత్తితే ఏం లాభం? మంచంలో ఉన్నవాళ్లను ఇంటికెళ్లి చూడాలి, అది రైలు టైం ప్రకారం జరగదు. ఇప్పుడు కొన్ని రైళ్లు చర్లపల్లి నుంచే బయల్దేరుతున్నాయి, నాగోల్ నుంచి దగ్గరే అంటావేమో. దగ్గరే, కాదనను. రైలు ఆలస్యం మాత్రం ఎక్కడ ఎక్కినా అంతే.

స్కూటీ మాట ఇంకోసారి ఎత్తితే ఊరుకోను. వరంగల్ హైవే మీద పడ్డవాళ్లను నేను ఈ చేతులతో తుడిచాను. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకుని వచ్చిన పిల్లలు, రాంగ్ రూట్‌లో వచ్చిన ట్రాక్టర్లు, వెనక లైటు లేని లారీలు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి, ఆ రోడ్డు మీద జనం ఎన్నేళ్లు నలిగారో నీకే తెలుసు. ఆదివారాలు, కార్తీక మాసం, స్వాతి నక్షత్రం రోజు యాదగిరిగుట్ట కార్లన్నీ ఆ దారినే. నేను ఎక్కువ భయపడుతున్నానని మీ అమ్మ అంటుంది. భయపడతాను. క్యాజువాలిటీలో డ్యూటీ చేసినదాన్ని.

అక్కడే ఉండు. ఒంటరి ఆడపిల్లకు ఇల్లు ఇస్తారా అంటే ఇస్తారు, నూరు ప్రశ్నలడిగి ఇస్తారు. కులం అడుగుతారు, పెళ్లెప్పుడంటారు, రాత్రి ఎవరొస్తారంటారు. మొదటి నెల ఒళ్లు మండుతుంది. అదే ఇంటావిడ నీకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చుంటుంది. రెండూ ఒకే చోటు నుంచి వస్తాయి, ఒకటి కావాలి ఇంకోటి వద్దంటే ఆ ఊళ్లో కుదరదు. నువ్వు ఏం కూర కొన్నావో కూడా బజారుకు తెలుస్తుంది. పెళ్లికి పిలిస్తే వెళ్లు, తినకపోయినా కనబడిరా. బతుకమ్మకు తంగేడు పూలు కొనకు, ఎవరో ఒకరు తెచ్చిస్తారు. పొద్దున ఎండ ముదరకముందు ఖిల్లా ఎక్కు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట ఎక్కడం నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. అక్కడికి శిక్షణకొచ్చే పిల్లల చీలమండలు కూడా నీ దగ్గరికే రావొచ్చు. వేసవిలో మాత్రం ఆ బండ రాత్రి దాకా వేడి కక్కుతుంది, కూలర్ ముందే కొనుక్కో.

ఆదివారం ఇంటికి రా. ప్రతి ఆదివారం కాదు, నెలకు రెండు చాలు. మీ అమ్మ ఏడుస్తుంది, తర్వాత అలవాటు పడుతుంది, తర్వాత తనే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కుతుంది.

ప్లాటు కొనమని వస్తారు, అది మర్చిపోయాను. ఎంఎంటీఎస్ లోకల్ రైలు వస్తుంది, రీజనల్ రింగ్ రోడ్డు వస్తుంది అని బ్రోచర్ చేతిలో పెడతారు. ఎంఎంటీఎస్ 2024లో ఘట్‌కేసర్ దాకా వచ్చింది, యాదగిరిగుట్ట దాకా వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. గ్రామ పంచాయతీ లేఅవుట్ అంటే లేచి వచ్చేయ్. మొదటి మూడేళ్లు ఒక్క గజం కూడా కొనకు.

శుక్రవారం నేను ఉప్పల్‌లో బస్సెక్కుతాను, నువ్వు నేరుగా భువనగిరి బస్టాండుకు రా. రెండు ఇళ్లు చూసి పెట్టమని నాతో పనిచేసిన ఆయమ్మకు చెప్పాను. ఇంటావిడతో కిరాయి నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో నోరు తెరవకు. నల్లా ఏ టైంకి వస్తుంది, గేటు రాత్రి ఎన్నింటికి వేస్తారు, ఈ రెండూ మాత్రం నువ్వే అడుగు. ఆధార్ జిరాక్స్ తెచ్చుకో. పొద్దున ఏదైనా తిని బయల్దేరు.

మీ అత్త