చెరువు నీళ్లు పట్టే ముందు ఇది చదువు

చిట్టీ,

నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మన ఊరి చెరువు నీళ్లలోని సూక్ష్మజీవులే తీసుకున్నావని వదిన ఫోన్లో చెప్పింది, సంతోషం. ఏ మైక్రోస్కోప్ కొనాలో బాబాయిని కనుక్కో అన్నావంట, అది తర్వాత చూద్దాం గానీ ముందు గట్టు మీద జాగ్రత్తగా ఉండు, సగం పని చెడేది అక్కడే.

నేను మొదటిసారి తెచ్చిన పన్నెండు సీసాల్లోనూ ఫార్మలిన్ (జీవుల్ని చంపి చెడకుండా ఉంచే మందు) పోసేశా, తీరా ల్యాబ్‌లో చూస్తే నీళ్లలోని జీవులన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి, ఏది ఈదేదో ఏది పాకేదో ఏం తెలుస్తుంది? పైగా పెన్నుతో రాసిన లేబుల్స్ అన్నీ అలుక్కుపోయాయి. అందుకే ప్రతి చోటా రెండు సీసాలు పట్టు. ఒకదాంట్లో జీవులు చెడకుండా లుగోల్ అయోడిన్ (అయోడిన్ ద్రావణం) చుక్కలు వేస్తూ లేత టీ రంగు రాగానే ఆపెయ్, రెండోదాంట్లో ఏమీ కలపకు, సగం ఖాళీ వదిలి నీడన పెట్టి సాయంత్రంలోపు చూసెయ్. పెన్సిల్‌తోనే రాయి, టైమ్ కూడా రాయి. బ్యాక్టీరియా టెస్టుకి మాత్రం వేరే స్టెరైల్ సీసా, ఐస్ డబ్బా, మూత లోపలి వైపు వేలు తగలనివ్వకు.

ఎండాకాలం గట్టు వారన పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కడుతుంది చూడు, అది చాలాసార్లు మైక్రోసిస్టిస్, నీలి-ఆకుపచ్చ నాచు అనే బ్యాక్టీరియాలో ఒక రకం. లెన్స్ కింద చూస్తే సన్నటి గుండ్రటి కణాలు జిగురులో గుంపుగా ఇరుక్కుని ఉంటాయి. గాలి ఎటు తోస్తే అటు చేరుతుంది కాబట్టి తెట్టు ఒక్కటే పట్టి ఇదే చెరువంతా అనుకోవద్దు, నడిమి నీళ్లు కూడా తీసుకో. ఇంకోటి, అది కనిపించింది కదా అని విషం ఉందని రాసెయ్యకు, ఉందో లేదో కంటికి తెలీదు, దానికి వేరే టెస్టు చేయించాలి. తాగే నీళ్లలో ఆ విషం, అంటే మైక్రోసిస్టిన్, లీటరుకి 1 మైక్రోగ్రామ్ దాటకూడదని డబ్ల్యూహెచ్ఓ లెక్క, మరగబెడితే పోయే రకం కాదది, కాలేయం మీద పడుతుంది.

కేరళ వార్తలు చూసి మెదడు తినే అమీబా అని భయపడుతున్నావంట. అది తాగితే రాదు, ముక్కులోంచి ఎక్కుతుంది, చాలా అరుదు కానీ వస్తే బతకడం కష్టం. వెచ్చటి నీళ్లలో తల ముంచకు, గమ్ బూట్లు వేసుకో, కాలికి దెబ్బ ఉంటే ఆ రోజు అసలు దిగకు.

సైక్లోప్స్ (రొయ్య జాతికి చెందిన బుల్లి నీటి పురుగు) కనిపిస్తే మాత్రం కాసేపు ఆగి చూడు, నుదుటి మీద ఒకటే ఎర్ర కన్ను, ఆడదైతే రెండు పక్కలా గుడ్ల సంచులు. నా చిన్నప్పుడు దిగుడు బావి దగ్గర ఒకావిడ పిక్కలోంచి తెల్ల దారం లాంటి పురుగుని పుల్లకి చుట్టి రోజుకి కాస్త కాస్త లాగేవాళ్లు, నారికురుపు అనేవాళ్లు, ఆ పుండు కాలితో నీళ్లలో దిగితే పిల్ల పురుగులు సైక్లోప్స్‌లోకి, ఆ నీళ్లు తాగిన వాళ్ల ఒంట్లోకి. నీళ్లు గుడ్డతో వడకట్టుకోమని, పుండుతో బావిలో దిగొద్దని చెప్పీ చెప్పీ చివరికి 2000లో మన దేశంలో లేదని తేల్చారు, మందుతో కాదు. గట్టు మీద బట్టలుతికే వాళ్లనీ గేదెలు కడిగే వాళ్లనీ పలకరించు, నీ నోట్‌బుక్‌లో వాళ్ల మాటలకీ రెండు పేజీలు వదులు.

శనివారం బయల్దేరే ముందు ఇటు రా, నా పాత ప్లాంక్టన్ నెట్ (నీళ్లలో తేలే చిన్న జీవుల్ని పట్టే సన్న వల) అటక మీద ఉంది, కింద సీసా బిగించే క్లిప్పు ఊడిపోతోంది, తాడుతో కట్టి ఇస్తా.

బాబాయ్