పాట సంగతి తర్వాత చూద్దాం

చిరంజీవి కావ్యకు,

నీ కుక్క మింటూతో డాన్స్ చేయడానికని నువ్వు పంపిన పాట విన్నాను. బాగుంది. కానీ కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టెయ్. కుక్కతో డాన్స్ చేయాలనుకునేవాళ్లు ముందు పాట ఎంచుకుని, తర్వాత దాని వేగానికి కుక్కను ఈడ్చుకొస్తారు. మింటూకి తాళం తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. అది తాళానికే అడుగేస్తోందని చూసేవాళ్లు అనుకుంటే ఆ పనితనం నీది. దాని నడకకు సరిపోయే పాట నువ్వు వెతకాలి, దాని అడుగులో నీ అడుగు నువ్వు కలపాలి.

ఇందులో రెండు రకాలున్నాయి. హీల్‌వర్క్ టు మ్యూజిక్‌లో కుక్క ఎక్కువసేపు నీ కాలికి అంటిపెట్టుకునే నడవాలి. ఫ్రీస్టైల్‌లో దూరంగా వెళ్లొచ్చు, తిరగొచ్చు, దూకొచ్చు. 1990లలో ఇంగ్లండులో కుక్కలకి శిక్షణ ఇచ్చే మేరీ రే క్రఫ్ట్స్ డాగ్ షోలో చేసి చూపించిన దగ్గర్నుంచి మొదటి రకానికి బాగా పేరొచ్చింది. నీకు నచ్చింది రెండోదని నాకు తెలుసు. అయినా మొదటిదాని పునాది లేకుండా రెండోది నిలబడదు.

ఆ పునాది వెనక కాళ్లలో ఉంది. తనకు వెనక కాళ్లున్నాయన్న ధ్యాస చాలా కుక్కలకి ఉండదు. ముందు కాళ్లు ఎటు పోతే వెనకవి అటు వచ్చేస్తాయి. అందుకని కదలని పీట ఒకటి నేల మీద పెట్టు, మింటూ ముందు కాళ్లు రెండూ పట్టేంత వెడల్పు చాలు. అది కాళ్లు పెట్టగానే క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న డబ్బీ) నొక్కి ట్రీట్, అంటే చిన్న తిండి ముక్క, ఇయ్యి. తర్వాత నువ్వు పీట చుట్టూ మెల్లగా ఒక్కడుగు జరుగు. నిన్ను చూడ్డం కోసం అది వెనక కాలు పక్కకి వేస్తుంది. ఆ కాలు కదిలిన క్షణంలోనే క్లిక్ పడాలి. మొదట్లో ఒక్కడుగు చాలు, తర్వాత రెండు, ఆ తర్వాత పావు చుట్టు. రెండు వైపులా చేయించు. ఇది వచ్చిందంటే నువ్వెటు తిరిగినా అది నీ కాలు వదలదు. పక్కకి నడవడం, వెనక్కి నడవడం కూడా తేలిగ్గా పట్టుబడతాయి. నా మాట విని తొలి రోజులన్నీ దీనికే ఇచ్చెయ్. చూసేవాళ్లకి విసుగ్గా ఉంటుంది, ఉండనీ.

ఎడమ పక్కనే నడిపించడం అలవాటు చేయకు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తలెత్తి నిన్ను చూస్తూ నడిస్తే దాని మెడకి కష్టం. కుడి, ఎడమ, ఎదురు, వెనక, నాలుగు చోట్లకీ వేర్వేరు మాటలు పెట్టు. ఆ మాటలు పలకడంలో ఒకదాన్నొకటి పోలి ఉండకూడదు.

స్పిన్ (ఉన్నచోటే గుండ్రంగా తిరగడం), కాళ్ల మధ్య దూరడం, వంగి దండం పెట్టడం లాంటివి ట్రీట్ ముక్కు ముందు పెట్టి తిప్పితే వెంటనే వచ్చేస్తాయి. చిక్కల్లా ఆ తర్వాతే. రెండు మూడు సార్లు కాగానే చేతిలో తిండి తీసెయ్. ఖాళీ చేత్తో అదే సైగ చెయ్యి, ట్రీట్ రెండో చేత్తో ఇయ్యి. సైగ కుదిరాక మాట చేర్చాలి. ముందు మాట, ఒక క్షణం ఆగి సైగ. రెండూ ఒకేసారి వస్తే అది సైగనే చూస్తుంది, మాట వినదు. మాట నిలిచేకొద్దీ సైగ చిన్నది చేస్తూ పో. లేకపోతే స్టేజీ మీద ట్రాఫిక్ పోలీసులా చేతులూపుతూ నిలబడతావు.

పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. ట్రీట్ బఠాణీ గింజంత ఉండాలి, భోజనంలో ఆ మేరకు తగ్గించు. అది ఆవలించినా, పెదాలు నాక్కున్నా, ఉన్నట్టుండి నేల వాసన చూస్తూ అటు తిరిగిపోయినా మొండితనం అనుకోకు. అర్థం కాక, అలిసిపోయి చేసే పనులవి. తనకి బాగా వచ్చింది ఒకటి చేయించి ఆపెయ్. నున్నటి నేల మీద అసలొద్దు, జారని మ్యాట్ పరుచు.

వెనక కాళ్ల మీద నడిపించాలని అడిగావు. 2012లో బ్రిటన్స్ గాట్ టాలెంట్ అనే టీవీ పోటీ గెలిచిన పడ్సీని చూశాక అందరికీ అదే కావాలి. పడ్సీ చిన్నగా, తేలిగ్గా ఉండే కుక్క. మింటూ ఇంకా ఎదుగుతోంది, పైగా ఒళ్లు బరువు. ఎదుగుదల పూర్తయ్యేదాకా ఎత్తునుంచి దూకించడం, రెండు కాళ్ల మీద నిలబెట్టడం వద్దు. తర్వాత కూడా వెటర్నరీ డాక్టరుకి తుంటి, మోకాళ్లు చూపించి, ఆయన సరేనంటేనే. నన్నడిగితే ఆ విన్యాసానికి ఉన్నంత పేరు దానికి అక్కర్లేదు. నాలుగు కాళ్ల మీద చక్కగా వెనక్కి నడిచే కుక్క నాకు ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

పోటీలో బరిలోకి దిగాక ట్రీట్లు ఇవ్వనివ్వరు. అందుకే ఒక ట్రీట్‌కి రెండు కదలికలు, కొన్నిసార్లు నాలుగు, మళ్లీ ఒకటి, ఇలా మారుస్తూ పెంచు. డాన్స్ మొత్తాన్ని చివర్నుంచి నేర్పు. ఆఖరి ముక్క ముందు, దానికి ముందుది తర్వాత. అలా చేస్తే ముందుకెళ్లేకొద్దీ తనకి బాగా తెలిసిన చోటికే వస్తుంది. నీ అడుగులు మాత్రం మింటూ లేకుండా ఒక్కదానివే సాధన చెయ్యి. నువ్వు తడబడుతుంటే అది పక్కన నిలబడి ఎదురుచూడడం న్యాయం కాదు.

ఇక పాట. మింటూ హాయిగా ట్రాట్‌లో, అంటే నడకకీ పరుగుకీ మధ్య వేగంలో, వెళ్తున్నప్పుడు పక్కనుంచి వీడియో తియ్యి. ముందరి ఎడమ కాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు నేలకి తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించు. నిమిషానికి పడే తాళం దెబ్బలు ఆ అంకెకి గానీ, దానికి రెట్టింపుకి గానీ దగ్గరున్న పాటలు వెతుకు. తొలిసారికి రెండు నిమిషాల పాట చాలు. సౌండ్ తక్కువగా పెట్టు, దాని చెవులు మన చెవుల్లాంటివి కావు.

ఆ వీడియో నాకూ పంపు, వెనక పాటేదీ పెట్టకుండా. వెనక కాళ్లు కనబడేలా తియ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ