డెఫ్‌కాన్ఫిగ్ కన్నా మీ మెషీన్‌లో నడుస్తున్న కాన్ఫిగే నయం

లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కంపైల్ చేయడానికి ఏ డ్రైవర్లు, ఫీచర్లు కావాలో రాసిన కాన్ఫిగ్ ఫైలు కావాలి. దాన్ని మేక్ డెఫ్‌కాన్ఫిగ్‌తో మొదలుపెట్టాలా, ఉబుంటు కాన్ఫిగ్ తీసుకోవాలా అని అడిగారు. ల్యాప్‌టాప్ అయితే ఉబుంటుదే తీసుకోండి. డెఫ్‌కాన్ఫిగ్ మీ ప్రాసెసర్ రకానికి (ఆర్కిటెక్చర్‌కి) పెట్టిన మామూలు సెట్టింగ్. మీ వైఫై కార్డు ఏదో దానికి తెలియదు.

2018లో నేను అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండేవాణ్ణి. సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. బూట్ ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైలు కాపీ చేసుకుని, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (పాత సెట్టింగ్స్ ఉంచి, కొత్త ఆప్షన్లకి డిఫాల్ట్ పెట్టే కమాండ్) కొట్టి, రాత్రి పదింటికి బిల్డ్ మొదలుపెట్టాను. కింద ఇడ్లీ బండి వచ్చినా అది ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరి దగ్గర ఏ మెషీన్ ఉన్నా పనిచేయాలని ఉబుంటు వాళ్లు వేల డ్రైవర్లు మాడ్యూల్స్‌గా, అంటే అవసరమైనప్పుడు లోడ్ అయ్యే ముక్కలుగా పెడతారు. అవన్నీ నా ల్యాప్‌టాప్ మీద పడ్డాయి.

రెండోసారి మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడాను. ఎల్‌ఎస్‌మాడ్‌లో (లోడ్ అయిన మాడ్యూల్స్ జాబితా చూపే కమాండ్) అప్పుడు కనిపించే మాడ్యూల్స్ ఉంచి మిగతావి తీసేస్తుంది. అరగంటలో అయిపోయింది! రెండు రోజులు హాయిగా గడిచింది. మూడో రోజు రాత్రి హాస్టల్ వైఫై పోయింది, తెల్లారితే ఇంటర్వ్యూ. ఫోన్ కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ రాలేదు. కేబుల్ మార్చాను, పక్క బెడ్ అబ్బాయి ఫోన్ కూడా పెట్టి చూశాను. చేతులు చెమట పట్టేశాయి. పన్నెండు దాటాక వెలిగింది: కాన్ఫిగ్ తయారుచేసినప్పుడు ఫోన్ తగిలించి లేదు, అందుకే యూఎస్‌బీ టెథరింగ్‌కి కావాల్సిన ఆర్‌ఎన్‌డీఐఎస్ హోస్ట్ మాడ్యూల్ ఎగిరిపోయింది. గ్రబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ ఎంచుకునే మెనూలో) పాత కెర్నెల్ ఉంది కాబట్టి బయటపడ్డాను.

అందుకే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టేముందు ఫోన్, పెన్‌డ్రైవ్, ప్రింటర్, బ్లూటూత్, మీరు వాడేవన్నీ ఒకసారి తగిలించి వాడండి. పాత కెర్నెల్‌ని మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మెనూకాన్ఫిగ్ (కాన్ఫిగ్ ఆప్షన్లు మెనూలో మార్చే) స్క్రీన్ చూపించి, సేవ్ కొట్టి ఎగ్జిట్ అవమన్నారు. జిరాక్స్ నోట్స్‌లోనూ అంతే. అంత ఫీజు కట్టిన పిల్లలకి ఆ కాన్ఫిగ్ ఫైలు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే ఎలా? నాకు ఇప్పటికీ కోపమే.

ఇంకో మాట. ఇప్పటి ఉబుంటు కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్ (కెర్నెల్ నమ్మే సర్టిఫికెట్లు) ఆప్షన్ దగ్గర ఉబుంటు తయారుచేసే కనానికల్ కంపెనీ సర్టిఫికెట్ ఫైలు పేరు ఉంటుంది. కెర్నెల్ అసలు సైటు కెర్నెల్ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న సోర్స్‌లో ఆ ఫైలు ఉండదు, బిల్డ్ ఆగిపోతుంది. ఆ ఆప్షన్‌నీ, రివొకేషన్ కీస్ (రద్దయిన సర్టిఫికెట్లు) ఆప్షన్‌నీ ఖాళీ చేయండి.

మీది రాస్ప్‌బెర్రీ పై 4 (ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్) అయితే నేను చెప్పింది పక్కన పెట్టి, వాళ్ల సోర్స్‌లోనే ఉన్న బీసీఎం2711 డెఫ్‌కాన్ఫిగ్ తీసుకోండి. అది ఆ బోర్డు కోసమే రాసింది.