ఒక్క ఫొటో ముందు గంటసేపు

చిరంజీవి మేనల్లుడికి, అత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "రోజూ రాత్రి మంచి మంచి ఫొటోలు చూస్తున్నానత్తా, తెల్లారేసరికి కెమెరా ముట్టుకోబుద్ధి కావడం లేదు" అని రాశావు. మనసు చివుక్కుమంది. మంచి ఫొటో చూస్తే చేతులు దురదపెట్టాలి గానీ చచ్చుబడిపోకూడదు కదా. నువ్వు రాసిందాన్ని బట్టి చూస్తే రాత్రికి రెండు మూడు వందల ఫొటోలు వేలితో పైకి తోసేస్తూ చూస్తున్నట్టున్నావు. అలా చూస్తే ఒక్కటీ నీకు అందదు. "వీళ్లంతా ఎంత బాగా తీస్తున్నారో" అనే దిగులొక్కటే మిగులుతుంది. ముందు ఆ పని మానెయ్యి. చూడటం మానమనడం లేదు, తక్కువ ఫొటోలు ఎక్కువసేపు చూడమంటున్నాను.

నేను నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు ఒక ప్రింట్ నా చేతిలో పెట్టి, గంటసేపు దాని ముందు కూర్చోమన్నారు. కాగితం, పెన్ను ఇచ్చారు. కెమెరా తీసి పక్కన పెట్టించారు. ఐదు నిమిషాల్లో చూడాల్సిందంతా చూసేశాననుకున్నాను. పావుగంటకి విసుగు పుట్టింది. ఆ విసుగు దాటాకే కళ్లు పని మొదలుపెట్టాయి.

ఆ ప్రింట్ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసాన్ 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ రైల్వే స్టేషన్ వెనక తీసింది. నీకూ తెలిసిన ఫొటోనే. నిలవనీళ్ల మీంచి ఒకాయన గెంతుతుంటాడు, మడమ ఇంకా నీటిని తాకలేదు. అంతవరకు ఎవరికైనా కనిపిస్తుంది. అరగంట గడిచాక వెనక అంటించిన పోస్టర్ నా కంటపడింది. అందులో నాట్యం చేసే మనిషి కూడా అచ్చం అలాగే గాల్లోకి లేచి ఉంది. ఇంకాసేపటికి నీళ్లలో పడి ఉన్న వంపు తిరిగిన ఇనుప బద్దలు, నిచ్చెన చుట్టూ లేచిన అలల వంపులు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు కనిపించాయి. ఆయన కంచె సందులోంచి లెన్స్ దూర్చి తీశారనీ, ఆ సందు చాలక ఎడమ పక్క అడ్డొస్తే తర్వాత కత్తిరించారనీ గురువుగారు అప్పుడు చెప్పారు. మామూలుగా ఫొటో కత్తిరించడానికి ఒప్పుకోని మనిషాయన. ముందే చెప్పి ఉంటే నేను ఆ కంచె కోసం వెతికేదాన్ని తప్ప పోస్టర్ నాకు దొరికేది కాదు. అందుకే నీకు చెబుతున్నా, ఫొటో కింద రాసింది చివర్లో చదువు.

అప్పటి నుంచి ఏ ఫొటో చూసినా నన్ను నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: తీసినవాళ్ల కాళ్లు ఎక్కడున్నాయి? ఇది ఊహించి చెప్పాల్సింది కాదు, ఫొటోలోనే రాసి ఉంటుంది. చదునైన నేల మీద, దూరంగా నేలా ఆకాశం కలిసే గీత ప్రతి వస్తువునీ కెమెరా ఉన్న ఎత్తులోనే కోస్తూ వెళ్తుంది. ఆ గీత నిలబడ్డవాళ్ల కళ్ల మీదుగా పోతుంటే తీసినవాళ్లు కూడా నిలబడి ఉన్నారు. నడుము మీదుగా పోతుంటే కెమెరా నడుమెత్తులో ఉంది. ముందున్న మనిషి పెద్దగా, వెనకున్న ఇల్లు బాగా చిన్నగా కనిపిస్తే దగ్గరికి వెళ్లి తీశారని అర్థం. రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయినట్టుంటే దూరంగా నిలబడి, దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించే టెలీ లెన్స్‌తో లాగారు. వెలుతురు ఎటు నుంచి వచ్చిందో తెలియాలంటే ముక్కు నీడ చూడు, కంటిపాపలో మెరిసే చుక్క చూడు. ఆ చుక్క నలుచదరంగా ఉంటే అక్కడ కిటికీయో, వెలుతురు మెత్తబడేలా లైటుకి తొడిగే సాఫ్ట్‌బాక్సో ఉండి ఉంటుంది. చేతులు మసకగా చెదిరి, ముఖం స్పష్టంగా ఉంటే షట్టర్ కాస్త నెమ్మదిగా పెట్టారు, అంటే వెలుతురు లోపలికి ఇంకాస్త ఎక్కువసేపు రానిచ్చారు. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకో. ఏ కెమెరాతో తీశారన్నది మాత్రం రాయకు, దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదు.

ఇక నేను ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్న ఫొటో గురించి చెబుతాను. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలో, బఠాణీ కోతకొచ్చిన కూలీల గుడారాల దగ్గర తీసిన తల్లి ఫొటో. ఆ తల్లి చెంపకు చెయ్యి ఆనించుకుని ఎటో చూస్తుంటుంది, పిల్లలిద్దరూ చెరో భుజం మీద వాలి ముఖాలు అటు తిప్పేసుకుని ఉంటారు, ఒళ్లో పసిబిడ్డ. ముందు నీ అరచేత్తో పిల్లలిద్దరినీ మూసి చూడు. ఎవరో ఆలోచనలో పడ్డ ఆవిడ, అంతే. చెయ్యి తియ్యి. ఆ ఆలోచనకి బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ పిల్లలు కెమెరా వైపు చూసి ఉంటే మన చూపు వాళ్ల ముఖాల మీదికి పోయేది. తిరిగిపోయిన ఆ రెండు తలలే మనల్ని మళ్లీ మళ్లీ తల్లి ముఖం దగ్గరికి తెస్తున్నాయి.

ఆ రోజు తీసిన మిగతా ఫ్రేములు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు. తప్పకుండా చూడు. ఒకదాంట్లో గుడారమంతా కనిపిస్తుంది, మనుషులు అందులో చిన్నగా ఉంటారు. దగ్గరికి జరుగుతూ జరుగుతూ తీశానని ఆవిడే తర్వాత రాసుకున్నారు. అంటే మనం తల వంచే ఆ ఫొటో మొదటి క్లిక్కులో వచ్చింది కాదు. లాంగ్ కాళ్లు నడిచిన దారంతా ఆ ఫ్రేముల్లో ఉంది. కుడివైపు కింద మూలలో గుడారపు కర్ర పట్టుకున్న బొటనవేలొకటి అడ్డొస్తే, దాన్ని తర్వాత నెగటివ్ మీద చెరిపించారు కూడా. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ తల్లి పేరు లాంగ్ అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత ఆ తల్లి బయటికొచ్చి, నా ఫొటో తియ్యకుండా ఉంటే బాగుండేదని బాధపడింది. నేను నెత్తిన పెట్టుకునే ఫొటోలోనే నేను చెయ్యకూడని పని కూడా ఉంది. ఆ సంగతి తెలిశాక ఎవరి ముఖం తీసినా పేరు అడగకుండా ఇంటికి రాలేదు. నువ్వూ అడుగు.

వేరేవాళ్లలా తియ్యడం దొంగతనమవుతుందా అని అడిగావు. మార్టిన్ ముంకాచి అనే హంగేరియన్ ఫొటోగ్రాఫర్ ఒక ఫొటో తీశారు. ఆఫ్రికాలో ఒక తీరాన అలల్లోకి ముగ్గురు కుర్రాళ్లు వీపులు మనకి కనిపించేలా పరుగెడుతుంటారు. యువకుడిగా ఉన్న కార్టియర్-బ్రెసాన్‌ని కుదిపేసిన ఫొటో అదే. కానీ ఆయన అలల వెంట పడలేదు. అంతటి ఉల్లాసాన్ని కెమెరా ఒక్క క్షణంలో పట్టేయగలదన్న నమ్మకాన్ని మాత్రం తీసుకుని తన వీధుల్లోకి వెళ్లారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్ రైల్లో వెయిటర్‌గా పనిచేసే రోజుల్లో ఒక పత్రికలో వలస కూలీల ఫొటోలు చూశారు. లాంగ్ పనిచేసిన ప్రభుత్వ సంస్థే తీయించిన ఫొటోలు అవి. అవి చూశాకే వాడిన కెమెరా ఒకటి కొనుక్కున్నారు. 1942లో అదే సంస్థకి వచ్చి, వాషింగ్టన్‌లో ఆఫీసులు ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీని జెండా ముందు చీపురుతో నిలబెట్టి తీశారు. ఆ నిలబెట్టిన తీరు 1930లో గ్రాంట్ వుడ్ వేసిన 'అమెరికన్ గోథిక్' అనే ప్రసిద్ధ చిత్రంలోది, రైతు పంగలకర్ర పట్టుకుని నిలబడేది. పేరు కూడా అదే పెట్టారు. ఎక్కడి నుంచి తెచ్చారో దాచలేదు. అందరికీ తెలిసిన చట్రాన్ని తెచ్చి, అందులో ఎన్నడూ చోటు దక్కని మనిషిని నిలబెట్టారు. దీన్ని ఎవరు దొంగతనమంటారు?

కాబట్టి నచ్చినదాన్ని ధైర్యంగా అనుకరించు. ఎవరికైనా చూపిస్తే ఎవరి ఫొటో చూసి తీశావో చెప్పు, పోటీలకి మాత్రం పంపకు. అయితే వాళ్ల ప్రీసెట్, అంటే రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగ్, ఒకటి తెచ్చుకుని నీ ఫొటోల మీద అదే రంగు పులిమితే దాన్ని అనుకరణ అనుకోకు. రంగు చివరిది. ముందు వాళ్లు నిలబడ్డట్టు నిలబడు, వాళ్లు కాచుకున్నంతసేపు కాచుకో.

నాకు ఎదురైంది చెబుతాను. అమెరికన్ ఫొటోగ్రాఫర్ సాల్ లైటర్ ఫొటోలు చూసి మతి పోయింది నాకు. ఆవిరి పట్టిన అద్దాల వెనక న్యూయార్క్ మనుషులు రంగు మరకల్లా కదులుతుంటారు. ఆయన చిత్రకారుడు కూడా, ఆ సంగతి చూడగానే తెలిసిపోతుంది. ఆరు నెలలు వాన పడితే చాలు, తడి అద్దం కోసం పరుగెత్తాను. ప్రింట్లు తీసుకెళ్లి గురువుగారి ముందు పరిచాను. ఆయన ఒక్కొక్కటీ చూసి, "అద్దం అవతల ఎవరున్నారమ్మా?" అన్నారు. ఎవరూ లేరు. నేను ఫోకస్ అంతా నీటిచుక్కల మీద పెట్టాను. లైటర్ అద్దం వెనక ఎప్పుడూ ఎవరో ఉంటారు, లేదా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ రాత్రి ఏడ్చాను.

ఆ కాంటాక్ట్ షీట్లు, అంటే ఒక రీలులోని ఫ్రేములన్నీ చిన్నగా ఒకే కాగితం మీద వేసినవి, చించెయ్యబోతే గురువుగారు ఆపి, ఎర్ర పెన్సిల్ ఇచ్చి, చుక్కలు కానివి ఏమైనా ఉంటే గుండ్రం చుట్టమన్నారు. చుట్టుకుంటూ పోతే పదకొండు ఫ్రేముల్లో చేతులున్నాయి. అద్దం తుడిచే చెయ్యి, గొడుగు మూసే చెయ్యి, తలుపు నెట్టే చెయ్యి. నేను కావాలని తీసినవి కావు. నా కన్ను వాటి దగ్గరికి తనంతట తనే పోయింది. తర్వాత నేను పనిచేసే చేతుల్ని ఎన్నేళ్లు తీశానో నీకు తెలుసు. ఆ దారి నాకు లైటర్‌లా తియ్యబోయి తప్పిపోయిన చోటే దొరికింది. అందుకే నీ అనుకరణల్లో పాడైనవాటిని డిలీట్ చెయ్యకు. నెల తర్వాత అన్నీ ఒకేచోట పరిచి, అసలు ఫొటోతో పోలనివి ఏమున్నాయో చూడు.

ఇంకో భయం కూడా నీ మాటల్లో వినిపించింది, "వాళ్లకి ప్రతి ఫొటో ఎలా కుదురుతుంది?" అని. కుదరదురా. ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56లలో అమెరికా అంతా తిరిగి 27 వేలకు పైగా ఫ్రేములు తీసి, తన పుస్తకంలో 83 మాత్రమే పెట్టుకున్నారు. నువ్వు వాళ్ల 83ని నీ 27 వేలతో పోల్చుకుని కుంగిపోతున్నావు. కాంటాక్ట్ షీట్లు ఎక్కడ దొరికినా వదలకు. పక్క ఫ్రేములో ఏం తప్పిందో చూడటంలో ఉన్నంత చదువు ఇంకెక్కడా లేదు.

ఒక జాగ్రత్త. ఏదైనా పని మీద వారం పది రోజులు వరసగా తీస్తున్నప్పుడు మాత్రం ఎవరి ఫొటోలూ చూడకు. అప్పుడు నీ ఎదుట ఉన్నది చూడాలి. చిత్రాలు చూడు, పాటలు విను, పర్వాలేదు.

ఈ ఉత్తరంతో ఒక ప్రింట్ పంపుతున్నాను. ఎవరు తీశారో వెనక రాయలేదు, నువ్వూ వెతకొద్దు. మంచం ఎదురుగా గోడకి అంటించి వారం రోజులు చూడు. వెలుతురు ఎటు నుంచి వచ్చింది, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, ఎడమ అంచున సగం తెగిన ఆ మనిషిని ఎందుకు ఉంచారు, ఈ మూడూ నాకు రాయి. తర్వాత అలాంటిదే ఒకటి తీసి, కుదిరినదీ కుదరనివీ అన్నీ కలిపి పంపు. ఎర్ర పెన్సిల్ నా దగ్గరే ఉంది.

ప్రేమతో,
అత్త