ఎండు జుట్టు మీద దువ్వెన పెట్టకండి

"మా అమ్మాయిది బాగా రింగుల జుట్టు. రోజూ దువ్వేటప్పుడు ఏడుస్తోంది, ఏ నూనె మంచిది?" అని అడిగారు. నూనె సంగతి తర్వాత. ముందు రోజూ దువ్వడం మానేయండి.

మేం మేరీలాండ్‌లో ఉంటాం. మా పాపని 2014లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి దత్తత తెచ్చుకున్నాం. (2018 జనవరిలో ఇథియోపియా విదేశీయులకు దత్తత ఇవ్వడం ఆపేసింది. మేం ముందే వెళ్లాం కాబట్టి సరిపోయింది.) అప్పటికి దానికి మూడేళ్లు, నున్నటి గుండు. జుట్టు పెరిగాక మొదలైంది అసలు కథ. మా ఆవిడకి ఆదివారాలు హాస్పిటల్లో డ్యూటీ, అందుకని తలంటు నా వాటాకొచ్చింది.

తెనాలిలో మా చెల్లెళ్లకి చేస్తుంటే చూసిందే నేనూ చేశాను. తలంటు పోసి, పూర్తిగా ఆరబెట్టి, సన్నపళ్ల దువ్వెనతో కుదుళ్ల నుంచి లాగడం. ఒక ఆదివారం దువ్వెన పన్ను విరిగి జుట్టులోనే ఉండిపోయింది. పిల్ల లేచి బాత్రూంలోకెళ్లి తలుపేసుకుంది. తలకి టవల్ చుట్టుకుని బయటికొచ్చి, "నాకు జుట్టు వద్దు నాన్నా, గుండు చేయించు" అంది.

ఆ టవల్‌తోనే సాయంత్రం సిల్వర్ స్ప్రింగ్‌లో మేం ఇంజెరా (ఇథియోపియా వాళ్ల పుల్లటి అట్టు) కొనే కొట్టుకి వెళ్లాం. గల్లా దగ్గరుండే ఆవిడది ఉత్తర ఇథియోపియాలోని టిగ్రే. టవల్ విప్పి చూసింది, తర్వాత నన్ను చూసింది. కొట్టు కట్టేసే వేళకి రమ్మంది. తను కుర్చీలో కూర్చుని పిల్లని కింద మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంది, అచ్చం మా అమ్మమ్మ అరుగు మీద కూర్చున్నట్టే. నీళ్లు చిలకరించి, గుప్పెడు కండిషనర్ పట్టించి, జుట్టుని నాలుగు భాగాలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టింది. ముందు వేళ్లతో చిక్కు తీసింది, ఆ తర్వాతే పెద్ద పళ్ల దువ్వెన. అదీ చివర్ల నుంచి పైకి. చిక్కుకి పైన జుట్టుని పిడికిట్లో బిగించి పట్టుకుంటే లాగినా మాడుకి తెలియదు. ఆ విరిగిన పన్ను టప్పున రాలింది. తర్వాత మాడుకి అంటుకున్నట్టు సన్న జడలు, షురుబా అంటారట, వరసగా అల్లింది. వాళ్ల వైపు ఆగస్టులో అషెండా పండక్కి ఆడపిల్లలు ఇలాంటి జడలే వేసుకుంటారట. మధ్యలోనే పిల్ల నిద్రపోయింది.

ఈ జుట్టులో మాడు మీద ఊరే జిడ్డు మెలికలు దాటి చివరిదాకా జారదు. అందుకే ఎండిపోతుంది. తలంటు వారానికోసారి చాలు. తడి ఉండగానే షియా బటర్ (ఆఫ్రికాలో షియా గింజల నుంచి తీసే కొవ్వు) రాయండి. రాత్రి శాటిన్ టోపీ పెట్టండి, కాటన్ దిండు తేమంతా పీల్చేస్తుంది.

జుట్టు కన్నా మనవాళ్లతోనే నాకు టెన్షన్. ఏ పార్టీకెళ్లినా ఎవరో ఒకరు తలలో చెయ్యి పెట్టి "అబ్బ, స్పాంజిలా ఉందే" అంటారు. ఇంకొకరు "స్ట్రెయిట్‌నింగ్ చేయించకపోయారా?" అని ఉచిత సలహా. మీ పిల్లల ముక్కులు నేనెప్పుడైనా పట్టుకుని చూశానా?

ఇక నూనె. మా అమ్మ వచ్చినప్పుడు ఆ కొట్టావిడ, తమ ఊళ్లో ఆడవాళ్లు తలకి వెన్న పెట్టుకుంటారని చెప్పింది. "వెన్నా? కంపు కొట్టదూ?" అని అమ్మ ముక్కు మూసుకుంది. ఆవిడ వంగి అమ్మ ముడి వాసన చూసి పకపకా నవ్వింది. అమ్మ తలకి ఆముదం! నన్నడిగితే ఏదైనా ఒకటే, తడి జుట్టుకి రాస్తే చాలు.

ఇప్పుడు మా అమ్మాయి తన జడలు తనే వేసుకుంటుంది. వెనక పాపిళ్లు తీయడానికి మాత్రం నన్ను పిలిచి, వంకరగా తీశానని తిడుతుంది.