సద్ది డబ్బా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బట్టల షాపులో పని చేస్తాను. మధ్యాహ్నం మెస్సులో భోజనం 90 రూపాయలు, నెలకు 24 రోజులు. ఇంటి నుంచి సద్ది తెచ్చుకుంటే నిజంగా ఎంత మిగులుతుంది? ‘ఇంట్లోనూ ఖర్చే కదా’ అంటారు మా ఆయన.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ ఆయన మాటలో న్యాయం ఉంది. ఒక మనిషి సద్దికి లెక్క వేద్దాం. బియ్యం 120 గ్రాములు, కిలో 50 అనుకుంటే 6 రూపాయలు. కందిపప్పు 35 గ్రాములు, కిలో 130 చొప్పున నాలుగున్నర. కూరగాయ 120 గ్రాములకు 6, నూనె 10 గ్రాములకు రూపాయిన్నర, పెరుగు 100 గ్రాములకు 7. ఇదంతా 25. ఉప్పు, కారం, గ్యాసు కింద ఇంకో 5 వేసుకోండి. రోజుకు 60 మిగిలితే 24 రోజులకు 1440. మీ కిరాణా కొట్టు ధరలు వేరైతే అంకెలు మార్చుకోండి.

ఈ లెక్కను చెడగొట్టేది పులిసిన సద్ది. తెచ్చింది పారబోసి మెస్సుకు పోయిన రోజు 30, 90 కలిసి 120 అవుతుంది. అసలు తేకపోవడమే నయం! ఇంకోటి, మొదలుపెట్టకముందే 1200 పెట్టి డబ్బా కొంటే మొదటి నెల మిగులు చాలావరకు దానికే సరి. ఇంట్లో ఉన్న రెండు గిన్నెల స్టీలు టిఫిన్ చాలు.

ప్రశ్న: కాజీపేట నుంచి రోజూ రైల్లో సికింద్రాబాద్ పోయి వస్తాను. పొద్దున ఐదున్నరకే డబ్బా కడతారు. ఎండాకాలం ఒంటిగంటకు మూత తీస్తే పప్పు నురగ కక్కుతోంది, అన్నం జిగురు సాగుతోంది. వేడిగా ఉంటుందని వేడి డబ్బా కూడా కొన్నాను, అందులో ఇంకా తొందరగా పాడవుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: డబ్బా తప్పు కాదు, అందులో పెట్టే అన్నం వేడి చాలడం లేదు. 60 డిగ్రీల పైన క్రిములు పెరగవు. గోరువెచ్చని అన్నం వేడి డబ్బాలో పెడితే ఆ గోరువెచ్చదనం గంటల తరబడి అలాగే నిలుస్తుంది, క్రిములకు కావలసింది అదే. కాబట్టి రెండే దారులు. వేడి డబ్బా అయితే ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెట్టండి, పారబోసి, పొయ్యి మీంచి దించిన అన్నాన్ని పొగలు కక్కుతుండగానే నిండుగా నింపండి. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. స్టీలు డబ్బా అయితే అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పావుగంట ఆరనివ్వాలి. వేడిమీద మూత బిగిస్తే ఆవిరి నీరై కారి, ముందు పైపొర పులుస్తుంది.

మీకు ఏడున్నర గంటల ఎడం ఉంది కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ముద్దపప్పు, ఆలుగడ్డ కూర, కొబ్బరి పచ్చడి, పచ్చి ఉల్లిగడ్డ కలిపినవి మానేయండి. తడి లేని దొండకాయ, బెండకాయ, కాకరకాయ వేపుళ్లు మేలు. పులుపు కూడా కాపాడుతుంది. పులిహోరకు 200 గ్రాముల బియ్యానికి నిమ్మకాయంత చింతపండు, గుజ్జును నూనె తేలేదాకా ఉడికించాలి. ఈ గుజ్జు ఆదివారం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారమంతా వస్తుంది.

అన్నిటికన్నా నమ్మకమైంది పెరుగన్నం, కానీ పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి పళ్లు పులుస్తాయి. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు ఒక గ్లాసు, పెరుగు ఒక్క చెంచా కలపండి. తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. మరీ వేడిమీద తోడు వేస్తే పేరుకోదు. దీన్ని మాత్రం వేడి డబ్బాలో పెట్టొద్దు.

రాత్రి అన్నం వాడాలంటే వండిన గంట, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి. రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం వదులుతుంది. పొద్దున పోపు పెట్టి ఎంత వేయించినా ఆ విషం పోదు, వాసనకూ తెలియదు.

ప్రశ్న: జొన్నరొట్టె మధ్యాహ్నానికి అట్టముక్క అవుతోంది.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: గోధుమపిండిలోని సాగే జిగట జొన్నలో ఉండదు. వేడినీళ్లకు ఉడికిన పిండే రొట్టెను పట్టి ఉంచుతుంది. కాబట్టి నీళ్లు సలసల మరగాలి. గ్లాసు పిండికి ముప్పావు నుంచి గ్లాసు దాకా పడుతుంది. గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడిలో ఐదు నిమిషాలు మర్దించాలి. అంచులు పగులుతుంటే పిండి పాతబడిందనే అనుమానించండి, గిర్నీలో కొద్దికొద్దిగా పట్టించుకోండి. కాల్చిన రొట్టెను రెండు నిమిషాలు ఆవిరి పోనిచ్చి నూలుబట్టలో చుట్టండి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా బిగుస్తుంది. ఇంత చేసినా పొయ్యి మీది మెత్తదనం రాదు, తోడుగా చిక్కటి పుంటికూర పప్పు పెట్టుకుని ముంచుకు తినాల్సిందే. ఆ పులుపు వల్ల ఇది ముద్దపప్పు కన్నా కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది.

ప్రశ్న: పచ్చిపులుసు సంచిలో కారుతోంది.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: మూత లోపలి రబ్బరు రింగు ఊడదీసి కడగండి, సాగిపోతే కొత్తది వేయండి. డబ్బాను ముప్పావు వంతే నింపండి. ఉల్లిగడ్డ ముక్కలు వేరే పొట్లంలో పెట్టుకుని తినేముందు కలుపుకోండి.

ప్రశ్న: మూడు రోజులకే మొహం మొత్తుతోంది. నాలుగోరోజు బిర్యానీ సెంటరుకే పోతున్నాను.
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: కూర మార్చడం కన్నా పక్కది మార్చడం తేలిక. పల్లిపొడి, నువ్వులపొడి, ఎల్లిగడ్డ కారం, మామిడి తొక్కు చిన్న సీసాల్లో పనిచేసే చోటే ఉంచుకోండి. వారానికి ఒకరోజు బయట తింటానని ముందే రాసుకోండి. మెస్సు భోజనానికే ఆగితే పై లెక్కలో నెలకు నాలుగు అరవైలు, 240 తగ్గి 1200 మిగులుతుంది. బిర్యానీ అయితే ఆ తేడా మీ జేబుదే.